జేబులో మోగిన తేదీ

మొన్న మా కోడలు నా సెల్‌ఫోన్లో ఏదో పెట్టింది, అది గంటగంటకూ నీళ్లు తాగమని కూస్తుంది. నాలుగు దినాలకొకసారి వచ్చే కొళాయి నీళ్ల కోసం తెల్లవారకముందే బిందెలు వరుసపెట్టి గొంతు చించుకున్న గుంతకల్లు ఆడదాన్ని, నాకు నీళ్ల సంగతి ఇది చెప్పాలా అని ఒళ్లు మండి దాన్ని తలగడ కింద కుక్కాను. రోజువారీ పనులు కాగితం మీద రాసుకోవడం మేలా, మిషన్లో వేసుకోవడం మేలా అని ఇంట్లో వాదన లేస్తే నన్ను అడగనక్కరలేదు. ఆ మిషన్లంటే నాకు గిట్టదు.

తొంభైల చివర్లో మేము రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. మా ఆయన గూడ్సు బండ్ల డ్రైవరు. వంటింటి తలుపు పక్కన బట్టల కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన క్యాలెండరు వేలాడేది. నీళ్లొచ్చే దినానికి సున్నా, పాలు పోయించుకోని దినానికి అడ్డగీత, ఆయన డ్యూటీలు, మా అత్త కంటి చుక్కల మందు అయిపోయే తేదీ, అన్నీ ఆ గళ్లలోనే, నూనె మరకలతో సహా. మీ ఇళ్లలోనూ అలాగే ఉండి ఉంటుంది. అత్తకు అక్షరాలు రావు గానీ నా సున్నాలూ గీతలూ ఆమెకు బాగా తెలుసు.

అలాంటి కాపురంలోకి మా ఆయన బెంగుళూరు నుంచి అరచేతంత డిజిటల్ డైరీ తెచ్చాడు. కలెక్టరు ఉద్యోగం వచ్చినట్టు దాని మూత తెరవడం, మూయడం! గోడ మీద గీతలు మోటుగా ఉన్నాయని క్యాలెండరు పీకి బియ్యం డబ్బా కింద పరిచాడు.

అత్తకు నీటికాసుల జబ్బు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపును మెల్లగా తినేసేది. రెండు నెలలకొకసారి పై ఊరి నుంచి వచ్చే పెద్ద డాక్టరు ఆపరేషన్ చేస్తానన్న తేదీని మా ఆయనే పోయి కనుక్కొచ్చాడు. ఎప్పుడని అడిగితే, “మిషన్లో ఏసినాలే మే, ఆ పొద్దుకు అదే అరుస్తాది, నీకెందుకు?” అన్నాడు.

అరిచింది. తాడిపత్రిలో, డ్రైవర్లు పడుకునే గదిలో, ఆయన చొక్కా జేబులో. నిద్ర చెడుతోందని మీట నొక్కి, అటు తిరిగి పడుకున్నాడట. ఆ పొద్దు ఇంట్లో అత్తా నేనూ ఏమీ తెలియక తీరిగ్గా చింతకాయలు దంచుకుంటూ ఉన్నాం. డాక్టరు మళ్లీ వచ్చేసరికి ఆమె ఎడమ కన్ను పూర్తిగా పోయింది. మా ఆయన తప్పు మిషన్ మీదికి తోశాడు. పాపం, అది సమయానికే మోగింది, మోగాల్సిన చోట మోగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలని కూడా లేదు.

తేదీ తప్పిందని బయటపడిన మరుసటి దినమే కొత్త క్యాలెండరు తెచ్చి గోడకు కొట్టాను. రెండో కన్నూ మసకబారాక అత్త పొద్దున్నే దాని వైపు తిరిగి కూర్చుని, “ఏముండాది మ్మే ఈ పొద్దు?” అని అడిగేది. పాలవాడు రాడనీ, నీళ్లొస్తాయనీ, కొడుకు డ్యూటీకి పోతాడనీ నేను చదివి వినిపించేదాన్ని. పోయేదాకా అడిగింది.

ఇప్పుడు ఎవరి తేదీలు వాళ్ల జేబుల్లోనే. మా అబ్బాయి ఊరికి పోయాడన్న సంగతి, గిన్నెలో మిగిలిన అన్నం చూస్తే గానీ నాకు తెలియడం లేదు.