శాంతక్క తెచ్చిన పొడుగు పాటలు

నిన్న సాయంత్రం మా స్టూడియో వరండాలో కాఫీ తాగుతున్నాను. లోపల నలుగురు కుర్రవాళ్లు తలుపు సరిగా వేయకుండానే రిహార్సల్ మొదలుపెట్టారు. ఉన్నట్టుండి ఆర్గన్ మోగింది. దాని వెనకే డ్రమ్ములు ఏడు దెబ్బల లెక్కలో పరుగందుకున్నాయి. కప్పు పక్కన పెట్టేసి లోపలికి పరుగెత్తాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, తమ గురువు దగ్గర అన్నారు. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వాళ్లకు తెలియదు. అరవైల చివర్లో ఇంగ్లండులో కొందరు కుర్రవాళ్లు మూడు నిమిషాల పాటతో తృప్తి పడక, రికార్డు ఒకవైపంతా ఒకే పాటగా వాయించడం మొదలుపెట్టారు. ఆ బృందాలు చాలావరకు ఏనాడో విడిపోయాయి. వాళ్ల సంగీతం మాత్రం ఎన్ని చేతులు మారిందో! నా దాకా అది ధర్మవరంలో చేరింది, ఒక పట్టుచీరల షావుకారు కోడలి వల్ల.

ఆమె పేరు శాంత. డెబ్బైల మధ్యలో బెంగళూరు నుంచి మా వీధికి కోడలిగా వచ్చింది. మా నాయన ఆ షావుకారుకే చీరలు నేసేవాడు. పెళ్లికి ముందు శాంతక్క కాలేజీ బృందంలో గిటారు వాయించేదట. పుట్టింటి నుంచి గిటారు, చిన్న ఎలక్ట్రిక్ ఆర్గన్, రికార్డు ప్లేయరు, పెట్టె నిండా రికార్డులు వెంట తెచ్చుకుంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. భజన మందిరంలో హార్మోనియం వాయించేదాన్ని. ఒక శనివారం శాంతక్క నా వాయింపు విని, చెయ్యి పట్టుకుని తిన్నగా వాళ్ల మిద్దె మీది గదికి లాక్కెళ్లింది.

“సుమ్నె కూసోని ఇను రత్నా. అయిపోయేదాకా మాట్లాడొద్దు” అని రికార్డు మీద ముల్లు పెట్టింది.

మొదట ఆర్గన్ మంద్రంగా మోగింది. తర్వాత వేణువు, దాని మీద చినుకుల్లా గిటారు. పల్లవి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. రాలేదు. ఇంతలో డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. నాకు తెలియకుండానే నా వేళ్లు మోకాలి మీద తకిట తకధిమి, తకిట తకధిమి అని కొట్టుకుంటున్నాయి.

“అక్కా, మిశ్రచాపు!” అని గట్టిగా అరిచాను.

ఆమె గబుక్కున ముల్లు ఎత్తింది. “ఏమంటివి? మళ్లీ చెప్పు!”

“ఏడు దెబ్బలక్కా, ఏడు! మా అన్న రాముడు మృదంగం మీద వాయిస్తాడే, అదే!”

“అయ్యో, ఇన్నాళ్లూ ఈడ లెక్క తప్పి సస్తాండా గదే నేను!” అని నన్ను గట్టిగా వాటేసుకుంది. ఆ పూటే నా వేళ్లను ఆర్గన్ మీద పెట్టి, మూడు స్వరాలను ఒకేసారి ఎలా మోగించాలో చూపించింది. అన్నాళ్లూ ఒక్కో స్వరమే నొక్కిన నాకు ఒళ్లు ఝల్లుమంది.

మర్నాటి నుంచి అన్న కూడా మృదంగం ఎత్తుకుని వచ్చాడు. ఎండాకాలమంతా మధ్యాహ్నాలు మాకు అదే పని. శాంతక్క అత్త ఓబుళమ్మవ్వ మెట్ల కింద నుంచే కేకలేసేది: “ఏమే శాంతా, బాయి మోటరు సెడిపోయినట్ల ఆ సప్పుడేందే!” అరిచేదే గానీ ఆపమని ఎన్నడూ అనలేదు. మేం మా సొంత పాట ఒకటి కట్టాం. మోహన రాగంలో మెల్లగా మొదలై, నడుమ ఏడు దెబ్బల్లోకి దూకి, గిటారు హోరులో ముగుస్తుంది. మాటలు లేవు.

ఆ ఏడాది వానల్లేవు. వేరుశనగ ఎండిపోయింది, చీరలకు గిరాకీ లేదు. వినాయకచవితికి ఆర్కెస్ట్రా పిలిచే స్థితిలో వీధివాళ్లు లేరు. మేం వాయిస్తామని శాంతక్క చెప్పేసింది. నాయన ససేమిరా అన్నాడు. శాంతక్క మా ఇంటికొచ్చి మగ్గం పక్కన నేల మీద కూర్చుంది.

“మామా, మీ పాప చేతుల్లో అంత పని ఉండాది. ఇంట్లోనే దాచిపెడతావా?”

నాయన మగ్గం ఆపి ఆమె వైపు తిరిగాడు. “సరేమ్మా. నేను ముందర్నే కూసుంటా. ఎవురన్నా ఒక మాటంటే పాపను తోడుకొనొస్తా.”

పందిట్లో మా పాట సగానికి రాకముందే ఈలలు మొదలయ్యాయి. “సినిమా పాట ఎయ్యండప్పా!” అని కేకలు. అన్న చేతులు మృదంగం మీద ఆగిపోయాయి. నాయన లేవబోతున్నాడు. అంతలో ముందు వరసలో ఓబుళమ్మవ్వ లేచి వెనక్కి తిరిగింది.

“ఏమప్పా! ఎండకాలమంతా నా ఇంట్లో దీన్ని నేను ఇనలేదా? మీరు రవ్వంతసేపు ఇనలేరా? కూసోండి! అసలైంది ముందర ఉండాది!”

పందిరంతా నవ్వు. నవ్వుతూనే కూర్చున్నారు. శాంతక్క నా వైపు చూసి తలూపింది. అన్న తకిట తకధిమి అందుకున్నాడు, ముగ్గురం ఒక్కసారిగా దూకాం. జనం చప్పట్లు మొదలుపెట్టారు, నాలుగు లెక్కలో! వాళ్ల నాలుగు, మా ఏడు విడిపోయి, ఎక్కడెక్కడో తిరిగి, మళ్లీ ఒకే దెబ్బ మీద కలిశాయి. కలిసినప్పుడల్లా పందిరి అదిరేలా కేక. అంత సంతోషం నేను ఎరగను. పాట అయ్యాక నాయన వేదిక దగ్గరికొచ్చాడు.

“ఇంగోటి ఉండాదా పాపా?”

మా దగ్గర ఇంకోటి లేదు. అదే మళ్లీ వాయించాం.

ఎనభైల్లో నేను సినిమా రికార్డింగుల్లో కీబోర్డు వాయించడానికి మద్రాసు వెళ్లాను. ఒకరోజు భోజనాల వేళ, శాంతక్క రికార్డులోని ఒక ముక్క ఊరికే వాయిస్తున్నాను. గది అవతలి మూల నుంచి, దాని తర్వాతి ముక్క గిటారు మీద వినిపించింది! అప్పటిదాకా నాతో నాలుగు మాటలైనా మాట్లాడని గిటారిస్టు స్టాన్లీ వాయిస్తున్నాడు. డ్రమ్ములాయన అన్నం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. స్టాన్లీకి ఆ రికార్డు ఓడలో పనిచేసే మేనమామ తెచ్చాడట, డ్రమ్ములాయనకు రైల్వే కాలనీలో పొరుగింటి పెద్దాయన వినిపించాడట. ఆనాటి నుంచి సినిమాలో ఒకరినొకరు తరుముకునే సన్నివేశం ఏది వచ్చినా ముగ్గురం ఏడు దెబ్బల్లోకి దిగేవాళ్లం. ఆ ఇంగ్లండు బృందాల పేరైనా వినని జనం టూరింగ్ టాకీసుల్లో నేల మీద కూర్చుని దానికి కాళ్లాడించారు.

శాంతక్క ఒకసారి మద్రాసు వచ్చి రికార్డింగు చూసింది. అద్దం అవతల నిలబడి, చిన్నపిల్లలా ఎగురుతూ చేతులు ఊపింది. తర్వాత ధర్మవరంలో చీరల వ్యాపారమంతా ఆమే నడిపింది. వేదిక మళ్లీ ఎక్కలేదు గానీ, మిద్దె మీద గిటారు మాత్రం ఎన్నడూ మూగబోలేదు.

నేనిప్పటికీ సంగీతం కడుతున్నాను. ప్రతి పాటలోనూ, ఇక్కడ ఆపేస్తే చక్కగా ఉంటుంది, అందరికీ నచ్చుతుంది అనిపించే చోటు ఒకటి వస్తుంది. అక్కడికి రాగానే గుండె దడదడలాడుతుంది. ఆ దడ తగ్గకముందే ఇంకో తాళంలోకి దూకేస్తాను.