కాళ్ల జూలు ఎత్తి చూడని పండితుడు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెనాలి నుంచి సింగపూరు వచ్చి ఏడాది కూడా కాలేదు, క్లెమెంటిలో ఒకే గదిలో నేనూ ఇంకో కుర్రాడూ సర్దుకునేవాళ్లం, అయినా ఎవరేం అడిగినా నా దగ్గర జవాబు సిద్ధం. సెరంగూన్‌లో ఉండే, వరసకు బాబాయి అయ్యే ఆయన కూతురు చిన్ని గుర్రపు స్వారీ నేర్చుకుంటూ ఒక గుర్రం మీద మనసు పారేసుకుంది. బాబాయి నాకు ఫోన్ చేశాడు. "మీ తాత జట్కా తోలాడు గదరా, గుర్రాల సంగతి నీకు పుట్టుకతోనే వచ్చుంటది. ఒకసారొచ్చి చూసి చెప్పు." (తాత జట్కా అమ్మేసిన పదేళ్లకు నేను పుట్టాను. ఆ సంగతి ఎత్తలేదు.)

గుర్రపుశాలకు వెళ్లి చూస్తే అది కాబ్ గుర్రం. ఇంగ్లండులో రొమానీ సంచార కుటుంబాలు తమ ఇళ్లబండ్లు లాగించడానికి తరతరాలుగా పెంచిన జాతి. నలుపూ తెలుపూ మచ్చలు, పీపాలాంటి ఒళ్లు, గిట్టల్ని కప్పేస్తూ చీర కుచ్చిళ్లలా జూలు. "వెరీ కామ్ సార్, ఫ్యామిలీ హార్స్," అన్నాడు అమ్మే ఏజెంటు. ఆ కామ్ గుర్రం వెనక కాళ్లతో నేలను దబదబా బాదుతోంది. "అట్టా తంతందేందిరా?" అన్నాడు బాబాయి. "ఉత్సాహం బాబాయ్! మేలుజాతి లక్షణం," అన్నాను తడుముకోకుండా. చిన్ని చతికిలబడి కాళ్లనే చూస్తోంది. "నో లా అన్నా, హీ ఈజ్ ఇచ్చీ. దురద!" (ఆ 'లా' సింగపూరు ఇంగ్లీషుకు తోక.)

అక్కడ గుర్రాల్ని చూసుకునే ఒక తమిళ పెద్దాయన వచ్చి, వంగి, జూలు పాయతీసి చూపించాడు. కింద చర్మమంతా పుళ్లు, పక్కులు, పగుళ్లు. జూలులో దాక్కునే సన్నటి పురుగులట. ఇక్కడి ఉక్కకు ఆ జూలు సరిగ్గా ఆరదు, అది వాటికి ఇంకా సుఖం. "స్మాల్ థింగ్ లా," అన్నాడు ఏజెంటు. నాకు ఒళ్లు మండిపోయింది. షాంపూ పెట్టి, దువ్వి, నోరులేని జీవి బాధను ముస్తాబు కింద దాచి పసిపిల్లకు అంటగడతాడా? తెలుగులో తిట్టాను, ఇంగ్లీషులో తిట్టాను. ఇలాంటి గుర్రాన్ని స్నానం చేయించక ముందే చూడాలనీ, గుర్రాల డాక్టర్ని మనమే తెచ్చుకోవాలనీ, అది బండే లాగిందో మనిషిని కూడా మోసిందో అడగాలనీ, కాస్త మేతకే ఒళ్లు చేసి గిట్టల జబ్బు తెచ్చుకుంటుందనీ పెద్దాయన చెబితే తెలిసింది గానీ, ఆ ఏజెంటు ఒక్క ముక్కయినా చెప్పాడా? ఆ మాటే పెద్దాయనతో అంటే, ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నువ్వెందుకు తంబీ కాలు పట్టి చూడలే?" అన్నాడు. అప్పుడు ఆయన మీద కూడా కోపమొచ్చింది.

"మనకొద్దు, పదండి," అన్నాడు బాబాయి. చిన్ని కదల్లేదు. "మనం వెళ్తే హూ విల్ లుక్ ఆఫ్టర్ హిమ్, డాడీ?" బాబాయి నావైపు తిరిగాడు. "ఉత్సాహం అన్నావుగా, ఇప్పుడు వారం వారం నువ్వే ఉత్సాహంగా వచ్చి కాళ్లు కడుగు." మా డాక్టరు వచ్చి చూశాడు, జూలు కత్తిరించి మందు మొదలుపెట్టారు, నయమయ్యాకే కొంటామని బాబాయి మొండికేశాడు. రెండు నెలలు ప్రతి శనివారం నేనూ చిన్నీ ఆ కాళ్లు కడిగి, తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాం. జూలు పోయిన గుర్రం పంచె ఎగ్గట్టుకున్న పెద్దమనిషిలా ఉండేది. నేను మాత్రం తువ్వాలు పిండిన ప్రతిసారీ ఏజెంటును తిడుతూనే ఉన్నాను. ఒక శనివారం వెళ్లేసరికి కాళ్లు బాదడం లేదు. కింది పెదవి వేలాడేసుకుని, నిలబడే కునుకు తీస్తోంది. చిన్ని ఏడ్చేసింది.

అది మా ఇంటి గుర్రమైన రోజు బాబాయి తీసిన ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. చిన్ని గుర్రాన్ని చూస్తోంది, గుర్రం గడ్డిని చూస్తోంది, నేనొక్కణ్ణే నడుం మీద చేతులు పెట్టుకుని కెమెరాను చూస్తున్నాను, జబ్బు నేనే కనిపెట్టినట్టు. ఆ ఏజెంటు గుర్తొస్తే ఇవాళ్టికీ పళ్లు కొరుకుతాను. ఆ ఫోటోలోని కుర్రాడి మీద మాత్రం ఎంత ప్రయత్నించినా కోపం రాదు.