గొట్టంలో మజ్జిగ

ఇన్నేళ్లలో నా ప్రశ్నకు ఏ ఆఫీసులోనూ జవాబు దొరకలేదు. అందుకే మీకు చెబుతున్నాను, మీరైనా మధ్యలో లేచిపోకండి. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నేను డిగ్రీ చదువుతూ, లోకమంతా నా మాట వినడానికే ఉందనుకునేవాణ్ణి. బూర్గంపాడు దగ్గర మా ఇంటి పక్క పెట్రోలు బంకులో భూమిలోపలి ట్యాంకు కారి, మా బోరు నీళ్లకు డీజిల్ వాసన పట్టింది. అన్నం వండితే లారీని ఉడకబెట్టినట్టుండేది. (బంకు యజమాని వచ్చి, ముక్కు మూసుకునే, "వాసనేం లేదు గదా తమ్మీ" అన్నాడు. ఆ ముక్కును నేను మర్చిపోలేదు.)

నేను అర్జీల మీద అర్జీలు పెట్టగా హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చాడు. భూమిలోకి గొట్టాలు దింపి గాలి కొట్టించేవాడు కనుక ఆయన మాకు గొట్టాల సారు. "మట్టిలో కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయమ్మా. గాలి అందితే అవే డీజిల్‌ను తినేస్తాయి" అని మా నాయనమ్మకు చెప్పాడు. ఆ బోరు వేయించింది ఆమే. ఇంకే నీళ్లూ ఆమె నోటికి పట్టేవి కావు. ఊరవతల నుంచి నేను మోసుకొచ్చినవి ఒక గుక్క తాగి పక్కన పెట్టేది.

వారం తిరక్కుండానే సారు ఒక గొట్టం మూత తీస్తే అంచులన్నీ తెల్లగా, పుల్లటి వాసన. "ఎవరమ్మా ఇందులో మజ్జిగ పోసింది?" అన్నాడు. "నేనే సారూ. డీజిల్ తాగుతున్నయ్ గదా, పాపం, వేడి చెయ్యదా?" అంది నాయనమ్మ. "మజ్జిగ పోస్తే అవి మజ్జిగే తింటాయి, డీజిల్ ముట్టుకోవు." "అవ్, నేనైనా గంతే." సారు నవ్వి, నా వైపు తిరిగి, "చదువుకున్నవాడివి, నువ్వైనా చెప్పొద్దా?" అన్నాడు. పోసింది ఆమె, చీవాట్లు నాకు. (అదీ గుర్తుంది.)

కొన్ని నెలలకు వాసన పోయింది. "ఇగ తాగొచ్చా సారూ?" అని ఆమె అడిగితే, "వాసన పోయినంత మాత్రాన మంచివైనట్టు కాదమ్మా. పరీక్ష చేయించి చెబుతాను, ఆగండి" అని సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు. ఆమె ఆగింది. రోజూ బోరు కొట్టి, చెంబులో పట్టి, వాసన చూసి, బంతి మొక్కలకు పోసేది. "సారు వచ్చిండా బిడ్డా?" అనేది. నేను ఆఫీసుకు వెళితే సారు బదిలీ అయ్యాడన్నారు, సీసా సంగతి తెలియదన్నారు.

ఆ ఎండాకాలం ఆమె మంచం పట్టింది. చివర్లో నీళ్లడిగితే, భయపడి, కొన్న నీళ్లే చెంచాతో పోశాను. నాలుక మీద కాసేపు ఉంచుకుని, "గివి మన నీళ్లు గావు" అంది. మళ్లీ ఏమీ అడగలేదు.

ఇప్పుడు నా తల నెరిసింది. నేను గుమ్మంలో కనపడగానే "బోరాయన వచ్చిండు" అని ఆఫీసులో కుర్చీలు ఖాళీ అవుతాయి. నాకూ నవ్వొస్తుంది. అయినా అప్పటి నాలోని కుర్రాడి ప్రశ్న పట్టుకునే తిరుగుతున్నాను. ఆ రోజు మా బోరు నీళ్లు ఆమెకు ఒక్క చెంచా పోయొచ్చా, పోయకూడదా? ఎవరో ఒకరు చెప్పండి.