బాలింత ఎలుకకు సాంబ్రాణి

నార్పోలిలో మగ్గాలు నడిపే ఇంట్లో ఎలుకలను పెంచేది బహుశా నేనొక్కదాన్నే. మా ఆయన కార్ఖానాలో నూలు కొరికే ఎలుకలకు బోను పెడతాడు, నేను ఇంట్లో రెండు తెల్ల ఆడ ఎలుకలకు అటుకులు పెడతాను. చుట్టాలు నవ్వితే నవ్వుకోనీ అని ఊరుకున్నాను.

మూడోది గోధుమరంగుది. తెచ్చేటప్పటికే కడుపుతో ఉందని దుకాణంవాడు చెప్పలేదు. అది పిల్లలు పెడితే వేరే పంజరం కొన్నాను. కాస్త ఎదిగాక మగవాటిని ఆడపడుచు ఇంటికి పంపాను, నాలుగు ఆడవి మిగిలాయి. ఒక్క గదిలో రెండు పంజరాలు పట్టవని మా ఆయన గొడవ. తల్లీపిల్లలు పెద్దవాటితో కలిస్తే సరే, లేదంటే తిరిగి దుకాణానికే అన్నాడు. కళ్లయినా తెరవకముందు నుంచి సాకినవాటిని ఎలా ఇస్తాను?

కలపడానికి మోరీని ఎంచుకున్నాను. గది మూలన మేం స్నానాలు చేసే ఆ గచ్చు ఏ ఎలుకకూ సొంతం కాదు కనుక పంతాలు తక్కువని నా లెక్క. బాలింతను ఊరికే పెద్దల ముందుకు పంపుతామా అంటూ మా అత్తమ్మ తల్లికీ పిల్లలకూ గోరువెచ్చటి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టింది. మా ఇంట్లో ఏ బాలింతకైనా జరిగేదే. నేనూ మురిసిపోయాను. అన్నిటినీ మోరీలో వదిలాక, ఆ కొత్త వాసన తగలగానే తెల్లవి రెండూ ఒళ్లు ఉబ్బించి మీద పడ్డాయి. గోధుమరంగుది పారిపోలేదు. పిల్లలను వెనక్కి నెట్టి అడ్డంగా నిలబడింది. చెవి చీలినా కదల్లేదు. దాన్ని చూసి నాకు ఎంత గర్వమేసిందో అంత ఏడుపూ వచ్చింది.

మా ఆయన నూలు కండెలు వచ్చే అట్టపెట్టె ఒకటి పట్టుకొచ్చాడు.

"ఇగ సాలు. ఐతారం గిండ్ల పెట్టి దుకాణంల ఇచ్చొస్త."

వాటి వాసనంతా తనే పోగొట్టిందని తెలిసి అత్తమ్మ ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. సాయంత్రం నా పక్కన కూర్చుంది.

"బిడ్డా, మన పిలగాండ్లకు పుట్టంగనే పెద్దోళ్ల పాత చీరలే పరుస్తం గద. గీటికి గుడ గట్లనే చెయ్యి."

చేశాను. తెల్లవి పడుకున్న పేలికలు పిల్లల కింద, పిల్లలవి తెల్లవాటి కింద, ఒకరి వాసన ఒకరికి అలవాటయ్యేలా రోజూ మార్చాను.

ఆదివారం మళ్లీ మోరీ. ఈసారి నీళ్లూ లేవు, సాంబ్రాణీ లేదు. మా ఆయన పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లవాటిలో పెద్దది వచ్చి పిల్లలను ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా పడేసి వాసన చూసింది. తల్లి ఒళ్లు బిగించింది గానీ మీదికి పోలేదు. చివరికి ఆ పెద్దది తల్లి చీలిన చెవి దగ్గరికి వెళ్లి మెల్లగా నాకింది. పిల్లలు దాని వీపెక్కేశాయి.

సలహా తనది కదా, అత్తమ్మ కొంగు సర్దుకుని మా ఇద్దరి వైపూ చూసింది. మా ఆయన పెట్టెకు కత్తితో పెద్ద కన్నం కోసి, లోపల మెత్తటి పేలికలు పరిచి, తెల్లవాటి పంజరంలో పెట్టాడు.

"పిల్లలు పండుకోను జాగ ఉండాలె గద" అన్నాడు, నా మొహం చూడకుండానే.