పెద్దోడి పాలపన్ను

1998 మే మొదటి వారంలో నన్ను ముదినేపల్లి నుంచి దివిసీమ అంచుకు బదిలీ చేశారు. చల్లపల్లికీ ఘంటసాలకూ మధ్య ఉన్న ఒక గ్రామ పశువైద్యశాలలో చేరాను. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉన్నా ఆ ఆసుపత్రికి నేనే పెద్దను. నాపైన బందరులో అసిస్టెంట్ డైరెక్టరు గారు, మా మాటల్లో ఏడీ గారు, ఉండేవారు. మా శాఖలో ఈ 'అసిస్టెంట్' అన్న మాటను ఎవరికి తగిలించాలో, ఎవరికి వద్దో నాకు చివరిదాకా అర్థం కాలేదు.

ముదినేపల్లిలో నా పని అంతా పాడిగేదెలతోనే. పొలాలు చేపల చెరువులయ్యాక అక్కడ ఎడ్లు కనబడటమే అరుదైపోయింది. అందువల్ల ఎడ్ల గురించి నాకున్న జ్ఞానం చాలావరకు కాలేజీలో చదువుకున్నదే. చదువుకున్నది కాబట్టి ఎవరైనా అడిగితే చెప్పాలని మహా ఉబలాటంగా ఉండేది. నాకు నోటి దురుసు లేదు గాని నోటి తొందర ఉంది. ఈ సంగతి మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది. నాకు తెలియడానికి ఆ వేసవి రావలసి వచ్చింది.

మే నెల మధ్యలో ఒక ఉదయం వెంకటరత్నం గారు ఒక ఒంగోలు కోడెను తోలుకుని ఆసుపత్రికి వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. కొద్దిపాటి సొంత పొలం, మరికొంత కౌలు. ట్రాక్టర్లు వచ్చి ఊళ్ళో అందరూ ఎడ్లను అమ్ముకుంటుంటే ఆయన మాత్రం రెండు దూడలను కొని, సొంతంగా పెంచి, జత కట్టారు. వాటిని పెద్దోడు, చిన్నోడు అని పిలిచేవారు. ఆ రోజు తీసుకొచ్చింది పెద్దోణ్ణి. నులిపురుగుల మందు పోయించాలన్నారు. మందు పోశాక ఆయన కోడె కింది పెదవిని పట్టుకుని కిందికి లాగి, "డాక్టరు గారూ, వీడి పాలపన్ను కదులుతున్నట్టుందండీ. ఏరువాక దాకా ఆగుద్దంటారా, ఊడుద్దంటారా?" అని అడిగారు.

పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్ళు ఉండవు, కింద మాత్రమే ఎనిమిది ఉంటాయి. మొదట వచ్చేవి పాలపళ్ళు. రెండో ఏడు దాటాక మధ్యనున్న జత ఊడి, వాటి చోట వెడల్పాటి పక్కా పళ్ళు రెండు వస్తాయి. తర్వాత సుమారుగా ఏడాదికొక జత చొప్పున మారుతూ పోతాయి. పశువు వయసు చెప్పేటప్పుడు మేము చూసేది ఈ పళ్ళనే. వేలు పెట్టి చూస్తే పెద్దోడి మధ్య పన్ను నిజంగానే వదులుగా ఉంది. అడిగిందానికి జవాబు చెప్పి ఊరుకుంటే పోయేది. నేను పాఠమే చెప్పాను. గడ్డివాము నుంచి పరకలు లాక్కుని తినే పశువుకు ముందు పళ్ళ మీద ఒత్తిడి పడి పన్ను త్వరగా ఊడుతుందనీ, తొట్టిలో మెత్తటి మేత పెడితే మరికొన్నాళ్ళు ఆగవచ్చనీ వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా వినేవాళ్ళు దొరికినందుకు నేను సంతోషించాను కూడా.

ఆయన ఎందుకు అడిగారో నాకు తెలియదు. అడగాలని తోచలేదు.

కారణం జూన్ మొదట్లో తెలిసింది. ఏరువాక పున్నమికి ముందురోజు ఆ ఊళ్ళో బండలాగుడు పోటీలు పెడతారు. వేసవి ముగిసి కాలవలకు నీళ్ళు వదిలే రోజులవి. నారుమళ్ళ పని మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి, ఆ చివరి తీరికలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడ చేరతాయి. మైకులు, షామియానాలు, జీళ్ళ దుకాణాలు, రంగులరాట్నం, బందరు నుంచి ఐసుపెట్టెల సైకిళ్ళు. గుంటూరు వైపు నుంచి కూడా ఎడ్లను లారీల్లో తెస్తారు. ఇచ్చిన సమయంలో బండను అటూ ఇటూ లాగి ఎక్కువ దూరం తీసుకుపోయిన జతకు బహుమతి. పోటీలో ఎడ్లను విడదీసేది పళ్ళను బట్టే. పాలపళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఇంకొకటి, నాలుగు పళ్ళవి మరొకటి. విభాగం పెరిగే కొద్దీ బండ బరువు పెరుగుతుంది. జతలో ఒకదానికి పన్ను మారినా జత మొత్తం పై విభాగానికి పోవలసిందే. పోటీకి ముందు పళ్ళూ ఆరోగ్యమూ చూసి సరేనని చెప్పడం స్థానిక పశువైద్యుడి బాధ్యత. ఆ మేరకు ఏడీ గారి నుంచి నాకు ఉత్తరువు వచ్చింది.

మర్నాడు పున్నమి నాడు ఇంకొక ఆచారం ఉంది. పోటీలో బాగా నిలిచిన ఊరి జతకు కొమ్ములకు రంగులు వేసి, మెడకు గజ్జెలు కట్టి, అరక పూన్చి, దేవుడి మాన్యంలో తొలి చాలు తోలిస్తారు. ఆ తర్వాతే ఊళ్ళో ఎవరైనా దుక్కి మొదలుపెట్టేది. ఆ ఏడాది ఊళ్ళో మిగిలిన ఎడ్ల జత వెంకటరత్నం గారిదొక్కటే.

ఉత్సవ కమిటీకి అధ్యక్షుడు సాంబశివరావు గారు. ఊళ్ళో మొదట ట్రాక్టరు కొన్నది ఆయనే. వెంకటరత్నం గారూ ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఏప్రిల్‌లో పాలకేంద్రం దగ్గర పదిమంది ఉండగా ఆయన నవ్వుతూ, "ఏం బావా, నీ దూడలు మొదటి మూడింట్లో నిలబడితే తొలి చాలు నీదే. లేకపోతే ఈసారి నా ట్రాక్టరుకి పసుపు రాసుకోటమే" అన్నారట. అందరూ నవ్వారట. పాలపళ్ళ విభాగంలో అయితే వెంకటరత్నం గారి జతకు ఆశ ఉంది. పన్ను ఊడి రెండు పళ్ళలోకి పోతే, లారీల్లో దిగే జతల ముందు నిలబడటం కల్ల. అదీ ఆ పన్ను కథ. ఇదంతా మా కాంపౌండరు చెప్పగా విని, చక్కటి పట్టుదల అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

పోటీ రోజు పొద్దున్నే తోటలో వరసగా కట్టేసిన జతలను చూసుకుంటూ వచ్చాను. పద్ధతి ఏమిటంటే, ముందు పళ్ళు, తర్వాత జ్వరం, నాడి, కాళ్ళు, గిట్టలు. ఏ కోడెకైనా అనుమానంగా ఉంటే ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి కాసేపు ఆగాలి. లోపల పెద్ద పొట్ట కదులుతూ పిడికిలిని పైకి నెడుతుంది. అది పశువు ఆరోగ్యానికి మొదటి సాక్ష్యం.

పెద్దోడు తళతళలాడుతున్నాడు. కొమ్ములకు నూనె, మెడలో నల్లతాడు. వెంకటరత్నం గారు నేను అడగకముందే పెదవి లాగి చూపించారు. "చూడండి డాక్టరు గారూ. పన్ను ఉంది" అన్నారు. నిజమే, ఉంది. కానీ నోటి నుంచి పులిసిన వాసన వచ్చింది. కళ్ళు కాస్త లోతుకు పోయాయి. వెనక కాళ్ళకు పల్చటి పేడ అంటి ఉంది. డొక్క మీద పిడికిలి పెడితే పొట్టలో కదలిక లేదు, గట్టిగా నొక్కితే కుండలో నీళ్ళు తొణికిన చప్పుడు వినిపించింది. జ్వరం లేదు సరికదా, ఒళ్ళు ఉండవలసిన దానికంటే చల్లగా ఉంది. నాడి వేగంగా కొట్టుకుంటోంది.

ఏం పెడుతున్నారని అడిగాను. ఉలవలు నానబెట్టి రుబ్బి పెడుతున్నానన్నారు. నూకల జావ, తవుడు అన్నారు. జోరు రావాలని ఈ వారం నూకలు పెంచానన్నారు. గడ్డి సంగతేమిటని అడిగాను. ఆయన పెద్దోడి మెడలో నల్లతాడు సర్దడం మొదలుపెట్టారు.

నెమరు వేసే పశువుకు గడ్డి లేకపోతే నెమరు ఆగిపోతుంది. పైగా పిండి మేత ఎక్కువైతే పొట్టలో అది పులిసి ఆమ్లమవుతుంది. ఆ స్థితిలో బండకు కడితే పశువు పడిపోవచ్చు, లేవకపోవచ్చు. చిన్నోడిలో ఈ లక్షణాలు కొద్దిగానే ఉన్నాయి. వాడు సాధువు, పెట్టింది సగమే తినేవాడట. పెద్దోడు మాత్రం తొట్టి నాకేవాడు. జతలో ఒకటి పనికిరాకపోతే జత పనికిరాదు. నేను కుదరదన్నాను.

ఆయన కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. మళ్ళీ పెదవి లాగి పట్టుకుని, "పన్నుందా, లేదా? అది చెప్పండి" అన్నారు. పన్ను ఉందనీ, పశువే బాగాలేదనీ చెప్పాను. మైకులో 'ఆరోగ్య కారణాల వల్ల' ఫలానా వారి జత పోటీ నుంచి తప్పుకుందని చదివారు. జనంలోంచి ఎవరో, "ట్రాక్టరోళ్ళు డాక్టరు గారిక్కూడా డీజిలు పోయించారు" అన్నారు. నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాట వెంకటరత్నం గారు కూడా విన్నారన్నదే ఎక్కువ మండించింది.

మధ్యాహ్నానికి వాళ్ళ పశువుల పాకకు వెళ్ళాను. పెద్దోడు పడుకుని ఉన్నాడు. వంటసోడా నీళ్ళలో కలిపి గొట్టంతో పొట్టలోకి పంపాలి, నరానికి సెలైన్ పెట్టాలి. వెంకటరత్నం గారి భార్య సామ్రాజ్యమ్మ గారు బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెట్టి, కోపం లేకుండా, ఉన్న సంగతి చెబుతున్నట్టుగా అన్నారు. "మీరే చెప్పారంటగా బాబూ, గడ్డి పెడితే పన్నూడుద్దని. అప్పట్నుంచి మెల్లగా తగ్గించుకుంటా వచ్చారు. ఈ వారం రోజులూ పరక చూపించలా. వాముకేసి తాటాకులు అడ్డం కట్టారు, కనపడితే పాపం అరుత్తాయని."

నేను గడ్డి మాన్పించమని చెప్పలేదు. ఆ మాట పైకి అనలేదు, అన్నా ప్రయోజనం లేదు. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆయన అర్థం చేసుకున్నదీ తప్పు కాదు. మెత్తటి మేతతో పన్ను ఆగుతుందన్నాను, ఆగింది.

గొట్టం వేయడానికి నోరు తెరిపించి నాలుక పక్కకు లాగాను. వేసి, మందు పంపి, గొట్టం బయటికి తీస్తుంటే దాంతోపాటు ఏదో చిన్నది జారి నా చేతిలో పడింది. పాలపన్ను. వెంకటరత్నం గారు దాన్ని తీసుకుని పంచె అంచుతో తుడిచి చూశారు. "పది రోజుల ముందే ఊడుంటే గడ్డేసుకునేవాణ్ణండీ" అన్నారు. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, తర్వాత చూరులో దోపారు.

పొట్ట మళ్ళీ పనిలో పడాలంటే ఆరోగ్యమైన పశువు నెమరు కావాలి. నెమరు వేస్తున్న పశువు నోట్లో చెయ్యి పెట్టి ఆ ముద్దను లాక్కుని, నీళ్ళలో కలిపి జబ్బు పశువుకు పోయడం మా వైద్యంలో పాత పద్ధతే. పాడి ఎక్కువగా ఉన్నది సాంబశివరావు గారికే కాబట్టి ఆయనకు కబురు చేశాను. పోటీలు ఇంకా జరుగుతుండగానే కమిటీ బ్యాడ్జీతోనే, గేదె నోట్లోంచి తీయించిన ముద్దలు చెంబులో పట్టుకుని ఆయనే వచ్చారు. పెద్దోణ్ణి చూసి, వాడి మెడ మీద చెయ్యి వేసి, జరిగిందేమిటో సామ్రాజ్యమ్మ గారి నోట విన్నారు.

"ఓరి నీ పిచ్చి తగలెయ్య, బావా!" అన్నారు. "ఆట మాటలకి అన్నానయ్యా. నువ్వు బండ లాగకపోయినా, వచ్చి నేను తోలతానంటే ఎవడు కాదంటాడు? నీ ఎడ్లు ఉండగా నేను ట్రాక్టరు దింపుతానా?"

వెంకటరత్నం గారు తల ఎత్తలేదు. "పదిమందిలో అన్నావు కదా బావా" అన్నారు. సాంబశివరావు గారు పొద్దుగూకేదాకా అక్కడే ఉండి, నేను చెప్పినప్పుడల్లా పెద్దోడి తల ఎత్తి పట్టుకున్నారు.

మర్నాడు పున్నమి. చిన్నోణ్ణి ఒక్కణ్ణే అరకకు కట్టలేరు. పొరుగూరి జతతో తోలించడం ఆచారం కాదు. ముహూర్తం దాటనివ్వకూడదని చివరికి ట్రాక్టరే దించారు. బానెట్టుకు పసుపు రాసి, గుమ్మడికాయ కొట్టి, ఆడవాళ్ళు హారతిచ్చారు. నేను పాకలో సెలైన్ సీసా మారుస్తూ ఆ మేళమూ, మేళం మధ్య ఇంజను చప్పుడూ విన్నాను. వెంకటరత్నం గారు కూడా విన్నారు. నాకు చాలా బాధ వేసింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, పేడ గట్టిపడుతోందని మాత్రం చెప్పాను.

పెద్దోడు బతికాడు. నాలుగో రోజు నెమరు వేశాడు. కానీ ముందున్న ఆకలి, పుష్టి మళ్ళీ రాలేదు. మరుసటి వేసవికి ముందే ఆ జతను అమ్మేశారు. పోటీలు నేను అక్కడ ఉన్నంతకాలం జరిగాయి, అన్నీ బయటి ఊళ్ళ జతలే. తొలి చాలు తర్వాతి ఏడు ట్రాక్టరే తోలింది. ఆ పై ఏడు దాన్ని గురించి చర్చ కూడా రాలేదు. ఎప్పటికైనా అలాగే జరిగేదని అంటారు. జరిగేదేమో. ఆ ఏడాది మాత్రం జరగనక్కర్లేదు. ఊరి ఎడ్లు ఊళ్ళో ఉన్నాయి, తోలేవాడు ఉన్నాడు, కాదనేవాడు లేడు.

ఒక పెద్దమనిషి సరదాకు ఒక మాట అన్నాడు. ఒక డాక్టరు ఉబలాటం కొద్దీ ఒక మాట చెప్పాడు. ఇద్దరూ మర్చిపోయారు. ఆ రెండు మాటలనూ తు.చ. తప్పకుండా పాటించినవాడు ఒక్కడే.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, పశువు గురించి ఏ రైతు ఏది అడిగినా, జవాబు చెప్పే ముందు "ఎందుకు అడుగుతున్నారండీ?" అని అడిగాను. చాలామంది విసుక్కున్నారు. మందు చీటీ రాసివ్వడానికి ఈయనకు ఇంత ఆరా ఎందుకని ఏడీ గారి దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. అడగడం మానలేదు.