వెనక కూర్చునేవాళ్ళ మేస్త్రి

ఉరవకొండలో బండ్ల షాకబ్జర్లు బాగుచేసే మేస్త్రి మొన్న మంగళవారం పోయాడు. పొద్దున షెడ్డు తెరిచి, నీళ్ళు చల్లి, స్టూలు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. పక్కనున్న టీకొట్టాయన ఫోన్ చేసి చెప్పాడు. చెనిక్కాయ చేలో ఉన్నాను. పని అక్కడే వదిలేసి, బండి తీసుకుని బయలుదేరాను.

ఆయన నాకు తెలిసింది అమ్మ వల్ల. మూడేళ్ళ కిందట అమ్మకు కడుపులో గడ్డ అని తేలింది. పదిహేను రోజులకోసారి అనంతపురం ఆసుపత్రికి పోవాలి. మా ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా నా మోటారు సైకిలు మీదే, అంతా గుంతల దారి. గుంత వచ్చినప్పుడల్లా అమ్మ నా చొక్కా గట్టిగా పట్టుకునేది. వెనక షాకబ్జర్లలో ఆయిల్ ఎప్పుడో కారిపోయింది.

"ఆయిల్ పోసియ్యన్నా, బిన్నా పోవాల" అని తొందరపెట్టాను, మొదటిసారి వెళ్ళినప్పుడు.

"వెనక ఎవరు కూర్చుంటారప్పా?"

"మాయమ్మ. ఒళ్ళు బాగలేదు."

"నడిపేటోనికి పట్టుకునేదానికి హ్యాండిలుండాది. వెనక కూర్చున్నోల్లకు ఏముండాది? నువ్వు నడుపు, నేను కూర్చుంటా."

అమ్మలాగే ఒక పక్కకు కూర్చుని, గుంతలున్న వీధంతా తిప్పించుకున్నాడు. దిగి నడుం పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆయమ్మను దీనిమీదనే తిప్పినావా?" అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

రెండు షాకబ్జర్లూ విప్పాడు. లోపలి కడ్డీని గోటితో తడిమి చూసి, తుప్పు గరుకుకు ఆయిల్ కారకుండా ఆపే సీలు కొత్తది వేసినా తెగిపోతుందన్నాడు. కొత్త కడ్డీ వచ్చేదాకా రెండు రోజులు బండి ఇవ్వలేదు. అమ్మ బరువెంతో అడిగి, తేలికైన మనిషికి స్ప్రింగు మెత్తగా ఉండాలంటూ దాని కింది రింగును ఒక మెట్టు వదులు చేశాడు.

తర్వాత రెండు నెలలకోసారి రమ్మనేవాడు. జబ్బు గురించి అడిగేవాడు కాదు. "ఆయమ్మ అన్నం తింటాండాదా?" అనేవాడు. తినడం లేదని నేనంటే, వంగి ఇంకో మెట్టు వదులు చేసేవాడు. చివరి మెట్టుకు వచ్చిన రోజు పానా పక్కన పెట్టేశాడు. తర్వాత ఉన్న ఆయిల్ తీసేసి, పల్చనిది పోశాడు.

"ఇంక నా చేతిలో ఇంతేనప్పా."

ఒకసారి అమ్మ షెడ్డు ముందర బండి ఆపమంది. దిగే ఓపిక లేదు. "నీ పుణ్యమప్పా, దావలో నొప్పి తెలీలేదు" అంది సీటు మీద నుంచే. ఆయన తల వంచుకుని, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ ఎండాకాలం అమ్మ పోయింది. పెద్దకర్మకు మేస్త్రి వచ్చి, "బండి తీసుకురా, బిగిస్తా. నీకొక్కనికి అంత మెత్తగుంటే బాగుండదు" అన్నాడు. నేను పోలేదు, బండి అలాగే మెత్తగా ఉండిపోయింది. ఆయనా మళ్ళీ అడగలేదు.

మంగళవారం సాయంత్రం మేస్త్రి అంత్యక్రియలు అయ్యాక, రాప్తాడు నుంచి వచ్చిన ఆయన అక్కను బస్టాండులో దింపమన్నారు. ముసలామె. వాళ్ళ వీధంతా రాళ్ళు తేలిన దారి. మొదట నా భుజం గట్టిగా పట్టుకుంది. కొంత దూరం పోయాక ఆ చెయ్యి తీసేసింది. భయపడి అద్దంలో చూశాను. ఏడ్చి ఏడ్చి విడిపోయిన జుట్టును రెండు చేతులూ ఎత్తి, నిదానంగా ముడి వేసుకుంటోంది.