గోడ మీద కోడి పరుగు

మన వైపు బొమ్మల్ని కదిలించి మొదట సినిమా తీసిన పెద్దాయన పుట్టిన ఇల్లు పొదిలి దగ్గర ఉందంటే, పొన్నూరు నుంచి పనిగట్టుకుని వెళ్ళాను. చిన్నతనంలో ఆయన పెరటిగోడ పొడవునా ఒకే కోడిని, అడుగు తర్వాత అడుగు వేస్తున్నట్టు పక్కపక్కనే ఎన్నోసార్లు బొగ్గుతో గీశాడు. ఎంతసేపు చూసినా అది కదల్లేదు.

“నిలబడితే కదలదండి. గోడ వెంట పరిగెత్తాలంట,” అంది మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆ ఇంటి కోడలు మస్తాన్‌బీ.

“నువ్వు చూశావా అమ్మా?”

“కోడల్ని. అత్తమ్మ ముందు పరిగెత్తితే బాగుంటదా అండీ?”

మంచం మీదున్న అత్తగారు విననట్టే కూర్చుంది. నేను చీర ఎగదోపి, మస్తాన్‌బీ చెయ్యి పట్టుకుని లాగాను. ఇద్దరం పరిగెత్తాం. గోడ మీది కోడి కూడా రెక్కలు విదిలించుకుంటూ మాతో పరిగెత్తింది.

వెనక నుంచి అత్తగారు పిలిచింది. “ఏమే, నేనూ ఈ ఇంటికి కోడలుగా వచ్చినదాన్నే. నన్ను కూడా లేపండి.”